అరువు కార్టూన్‌కి ఇంటిపేరు పెట్టొద్దు, గది ఇవ్వండి

పిల్లల ఛానల్‌కి ప్రోమోలు కట్ చేసే పని నాది. పన్నెండేళ్లుగా ఇదే పని. ఇన్నేళ్లలో నా చేతుల మీదుగా వెళ్లిన కార్టూన్లలో మా ఛానల్ సొంతంగా తీయించినవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవన్నీ ఎక్కడో తయారై, ఇంకెక్కడో రెండు మూడు సార్లు ఆడేసి, చివరికి మా సర్వర్‌కి చేరినవే. ఈ పనిలో కొత్తగా చేరిన ప్రతివాళ్లూ మొదటి వారంలో అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది మనది కాదు కదా, మరి మనదిలా కనిపించాలంటే ఎలా?"

మనదిలా కనిపించక్కర్లేదు. మన దగ్గర ఉందని తెలిస్తే చాలు. చుట్టం ఇంటికొస్తే ఆయన ఇంటిపేరు మార్చం, ఒక గది చూపించి దుప్పటి ఇస్తాం. పాత కార్టూన్ విషయంలో కూడా చేయాల్సింది అంతే. ఆ గది ఎలా సర్దాలో నాకు తెలిసినంతవరకు చెప్తాను.

ముందు ఒప్పందం చదవండి

డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరవకముందే లైసెన్స్ ఒప్పందం అడిగి తెచ్చుకోండి. డబ్బు లెక్కలున్న పేజీలు తీసేసి ఇస్తారు, పర్లేదు, వాటితో మనకి పనిలేదు. ఎన్నిసార్లు ఆడించొచ్చు, ఏ తేదీ దాకా, ఏయే భాషల్లో అన్నది చూడండి. ప్రోమోలో ఎన్ని సెకన్ల క్లిప్ వాడొచ్చో చూడండి. టైటిల్ సాంగ్ గురించి ప్రత్యేకంగా అడగండి: ఎపిసోడ్‌లో ఆ పాట మోగే హక్కు వేరు, దాన్ని కోసి మన ప్రోమో కింద వేసుకునే హక్కు వేరు. చాలామంది కాలు జారేది ఇక్కడే. డబ్బింగ్ ఆర్టిస్టుతో అదే పాత్ర గొంతులో కొత్త డైలాగ్ చెప్పించొచ్చా, చివరి క్రెడిట్స్ చిన్నవి చేసి పక్కన మన బోర్డు వేయొచ్చా, పాత్రని మన లోగోతో కలిపి గీయొచ్చా, ఇవన్నీ వేర్వేరు ప్రశ్నలు. ఒకదానికి ఔనంటే మిగతావాటికీ ఔనన్నట్టు కాదు.

స్టైల్ గైడ్ అని ఇంకో పుస్తకం వస్తుంది. పాత్ర ఎత్తు, రంగుల నంబర్లు, ఏ భంగిమలు గీయొచ్చు, ఏవి గీయకూడదు అన్నీ అందులో ఉంటాయి. బోరుగా ఉంటుంది, అయినా ఆఖరి పేజీ దాకా చదవండి. ఒకసారి నేను చదవలేదు. సెలవుల ఐడెంట్ (ఛానల్ గుర్తు చూపించే చిన్న ముక్క) కోసం నాలుగు కార్టూన్ల నుంచి పిల్లి, ఎలుక, బాతు, ఎలుగుబంటి నలుగురినీ తెచ్చి ఒకే పడవ ఎక్కించాను. నాలుగు బొమ్మలకీ నలుగురు యజమానులు. పిల్లి వాళ్ల గైడ్‌లో పద్నాలుగో పేజీలో ఒక వాక్యం ఉంది: తమ పాత్ర ఇంకొకరి పాత్రతో ఒకే ఫ్రేములో ఉండకూడదట. ప్రసారం మూడు రోజులుందనగా పిల్లిని దించేయాల్సి వచ్చింది. అప్పటిదాకా పిల్లి బరువు కుడివైపు ఉండేది. అది దిగిపోయాక పడవ ఎడమకి ఒరిగినట్టు మిగిలిపోయింది. మళ్లీ గీయడానికి టైం లేక అలాగే ఆడించేశాం.

కార్టూన్ నెట్‌వర్క్ 2004లో వేర్వేరు కార్టూన్ల పాత్రలన్నీ ఒకే త్రీడీ నగరంలో కాపురం ఉన్నట్టు ఐడెంట్లు చేసింది. నా పడవ ఆలోచన అక్కడి నుంచే వచ్చింది. నేను మర్చిపోయింది ఏంటంటే, వాళ్ల నగరంలో తిరిగే పాత్రలు చాలావరకు ఒకే సంస్థ గొడుగు కిందివి. మన దగ్గర అలా కాదు, ఒక్కో బొమ్మ ఒక్కో ఇంటిది.

సొంతవాటి పేరు అరువువాటికి తగిలించొద్దు

అమెరికాలోని పిల్లల ఛానల్ నికలోడియన్ 1991 ఆగస్టు 11న మూడు సొంత కార్టూన్లతో నిక్‌టూన్స్ అనే ముద్ర మొదలుపెట్టింది. అప్పటికే అదే ఛానల్లో వార్నర్ వాళ్ల పాత కార్టూన్లు లూనీ ట్యూన్స్ ఆడుతున్నాయి, పిల్లలు చూస్తున్నారు కూడా. కానీ వాటికి నిక్‌టూన్స్ పేరు పెట్టలేదు. ఆ పేరుంటే ఛానల్ తీయించిందని అర్థం. కార్టూన్ నెట్‌వర్క్ కూడా సొంతవాటికి కార్టూన్ కార్టూన్స్ అని వేరే పేరు పెట్టుకుంది. అది మర్యాద మాత్రమే కాదు, లెక్క కూడా. అరువు బొమ్మ మీద మన ముద్ర గుద్ది పిల్లలకి అలవాటు చేశాక, లైసెన్స్ అయిపోయి అదే బొమ్మ పక్క ఛానల్లో కనబడితే ఆ ముద్రకి విలువేముంటుంది?

మరి అరువువాటికి ఏం పేరు? వాటికి విడివిడిగా కాదు, అవి ఉండే వేళకి పేరు పెట్టాలి. దాన్నే మేం బ్లాక్ అంటాం.

కార్టూన్ నెట్‌వర్క్ పుట్టుకే దీనికి పాఠం. 1991లో టర్నర్ సంస్థ హానా బార్బెరా అనే కార్టూన్ స్టూడియోని కొంది, 1992 అక్టోబర్ 1న ఛానల్ మొదలైంది. చేతిలో ఉన్నదంతా పాత సరుకే. దాన్నే రకరకాలుగా సర్ది చూపించారు. నలుపు తెలుపు కార్టూన్లని ఎవరూ చూడరని మూల పడేయకుండా, లేట్ నైట్ బ్లాక్ అండ్ వైట్ అని రాత్రివేళకి ఒక బ్లాక్ చేశారు. లోపం అనుకున్నదే పేరైపోయింది. పాత కార్టూన్ల వెనక కథలు చెప్తూ వాటినే చూపించే టూన్‌హెడ్స్ అని ఇంకోటి. 1960ల నాటి స్పేస్ గోస్ట్ బొమ్మల్ని తీసుకుని, 1994లో ఆ హీరోని టాక్ షో యాంకర్‌ని చేసి కూర్చోబెట్టారు. ఇది మాత్రం బొమ్మల మీద హక్కు ఉన్నవాళ్లు చేయగలిగిన పని, లైసెన్స్ తీసుకున్నవాళ్లు ఊహించుకోవడమే.

మనకి పనికొచ్చే నమూనా అదే ఛానల్లోని టూనామి అనే బ్లాక్. 1997 మార్చి 17న మొదలైంది. కొన్నాళ్లకే జపాన్ నుంచి వచ్చిన సెయిలర్ మూన్, డ్రాగన్ బాల్ జీ లాంటివి అందులో చేరాయి. ఒకదానికీ ఇంకోదానికీ గీతలో, రంగులో, వేగంలో పోలికే లేదు. వాళ్లేం చేశారంటే గుర్తింపంతా ఎపిసోడ్‌కి బయట కట్టారు. కార్టూన్ల మధ్యలో వచ్చి మాట్లాడే ఒక హోస్టు, అతను ఉండే ఒక చోటు. మొదట్లో స్పేస్ గోస్ట్ కథలోని విలన్ మోల్టార్ ఆ పని చేశాడు, 1999లో అంతరిక్ష నౌకతో టామ్ అనే రోబో వచ్చాడు. ఏ కార్టూన్ వచ్చినా, ఏది వెళ్లిపోయినా నౌక నడుస్తూనే ఉంటుంది. చూసేవాడికి "టూనామి టైం అయింది" అన్నదే గుర్తుంటుంది.

బ్లాక్ పేరు పెట్టేటప్పుడు నేను చూసుకునేవి: ఆరేళ్ల పిల్ల నోరు తిరగాలి. ఒక కార్టూన్ వెళ్లిపోయినా పేరుకి అర్థం చెడకూడదు. ముఖ్యంగా పేరులో గడియారం ఉండకూడదు. మేం ఒకసారి "నాలుగింటి నవ్వులు" అని పెట్టాం. షెడ్యూల్ మారింది. రెండు నెలలపాటు నాలుగింటి నవ్వులు రోజూ ఐదున్నరకి వచ్చాయి.

అన్ని ఎపిసోడ్లూ చూడాల్సిందే

ఈ పనిలో దగ్గరదారి లేనిది ఇక్కడే. అమ్మినవాళ్లు ఒక ట్రైలర్, పది ఫొటోలు, ఒక పోస్టర్ ఫైలు పంపిస్తారు. వాటితోనే లాగించేస్తే మీ ప్రోమో ఆ కార్టూన్ కొన్న ప్రతి ఛానల్ ప్రోమోలాగే ఉంటుంది. ఇరవై ఆరు ఎపిసోడ్లుంటే ఇరవై ఆరూ చూడండి. ఒక్కో దాంట్లో రెండేసి కథలుంటాయి కాబట్టి మొత్తం యాభై రెండు. నేను రోజుకి నాలుగైదు ఎపిసోడ్లు చూస్తాను, అంతకు మించితే కళ్లు మూసుకున్నా బొమ్మలే పరిగెడతాయి.

చూస్తూ ఒక షీటు రాసుకోండి. నా షీట్లో టైమ్‌కోడ్ పక్కన నాలుగు గళ్లుంటాయి. పాత్ర ఏం చేస్తోంది: పరుగు, తలుపు తీయడం, ఉలిక్కిపడటం, వెనక్కి తిరిగి చూడటం. ఎటు చూస్తోంది: ఎడమకా, కుడికా, మనవైపా. నోరు మూసుందా. వెనక ఖాళీ ఉందా.

ఎటు చూస్తోందన్నది ఎందుకంటే, మా లోగో కుడివైపు నుంచి వస్తుంది. పాత్ర ఎడమ నుంచి కుడికి పరిగెత్తుకొస్తే లోగో దగ్గరికి వస్తున్నట్టుంటుంది. ఎడమకి చూస్తుంటే లోగోకి వీపు చూపించినట్టుంటుంది. షాట్‌ని అద్దంలోలాగా తిప్పేద్దాం అనుకోవద్దు, జేబు అటుది ఇటు వస్తుంది, వెనక దుకాణం బోర్డు తిరగబడుతుంది, పిల్లలు పట్టేస్తారు. నోరు మూసున్న షాట్లు బంగారం, వాటి మీద మన గొంతు ఎంతసేపైనా మోగొచ్చు. వెనక నీలాకాశమో ఖాళీ గోడో ఉంటే అక్షరాలు వేసుకోవడానికి చోటు దొరికినట్టే.

హానా బార్బెరా కాలం నాటి టీవీ కార్టూన్లలో ఇంకో సుఖం ఉంది. యోగి ఎలుగుబంటి మెడలో కాలరు, టై ఎందుకున్నాయో గమనించారా? ఖర్చు తగ్గించడానికి ఒంటిని కదలకుండా ఉంచి తల మాత్రం విడిగా గీసేవాళ్లు, ఆ అతుకు కనబడకుండా కాలరు. అప్పటి పొదుపు ఇప్పుడు మనకి వరం. ఒళ్లు కదలదు కాబట్టి ఫ్రేము ఆపినా ఆపినట్టుండదు. పరుగులో అవే నాలుగైదు బొమ్మలు మళ్లీ మళ్లీ తిరుగుతాయి, అదే చెట్టు వెనకనుంచి పదిసార్లు పోతుంది. దాన్ని కోసి అతికిస్తే అతుకు తెలియకుండా ఎంతసేపైనా పరిగెత్తించొచ్చు. తర్వాత ఏ కార్టూనో చెప్పే "తర్వాత" బోర్డు వెనక వేయడానికి ఇంతకంటే మంచిది దొరకదు.

పది సెకన్ల బంపర్ ఒకటి కట్ చేద్దాం

బ్రేక్‌కి ముందూ వెనకా వచ్చే ముక్కే బంపర్. మాకు సెకనుకి 25 ఫ్రేములు, పది సెకన్లంటే 250. నేను ఈమధ్య ఒక సన్నటి కుక్క కార్టూన్‌కి చేసినది చెప్తాను.

మొదటి 12 ఫ్రేములు మా పసుపు రంగు ఒక్కటే, బొమ్మ లేదు. ఎపిసోడ్ అయిపోయిందని కంటికి తెలియడానికి. పదమూడో ఫ్రేములో ఎడమ అంచు నుంచి కుక్క పరుగున వస్తుంది. ఎనిమిదో ఎపిసోడ్లో కసాయి కొట్టు నుంచి పారిపోయే పరుగు అది. 70 దగ్గర బ్రేకు వేస్తుంది, ఎపిసోడ్లో అక్కడ గోడ ఉంటుంది, నేను గోడ చెరిపేయలేదు, ఆ గోడ మీదకే మా లోగో వచ్చి దిగేట్టు చేశాను. 110 దగ్గర కుక్క మనవైపు తిరుగుతుంది, నోరు మూసుకుని. అక్కడ గొంతు: "ఇప్పుడే వస్తాం." 150 నుంచి కుక్క కన్నార్పడం తప్ప ఏమీ లేదు. చివరి 25 ఫ్రేములు సంగీతం కూడా ఆపేశాను. తర్వాత వచ్చే ప్రకటన ఎలాగూ అరుస్తూనే వస్తుంది, ఆ ఒక్క సెకను పిల్లాడికి గీత గీసినట్టుండాలి.

ఆ గీత అలంకారం కాదు. అమెరికాలో పిల్లల కార్యక్రమానికీ ప్రకటనకీ మధ్య స్పష్టమైన విభజన ఉండాలని అక్కడి ప్రసారాల నియంత్రణ సంస్థ ఎఫ్‌సీసీ 1974లోనే చెప్పింది. అక్కడి బంపర్లకి అది ఒక పెద్ద కారణం. తర్వాత 1990 చట్టం ప్రకటనల నిమిషాలకీ హద్దు పెట్టింది: గంటకి వారాంతాల్లో పదిన్నర, మిగతా రోజుల్లో పన్నెండు. కార్టూన్లోని పాత్రే ఆ కార్టూన్ మధ్యలో వస్తువు అమ్మడం కూడా అక్కడ కుదరదు. మీరెక్కడ పనిచేసినా అక్కడి నియమం కనుక్కోండి. నియమం ఉన్నా లేకపోయినా ప్రకటనల షెడ్యూల్ చేసేవాళ్ల దగ్గరకెళ్లి, ఆ బ్రేక్‌లో ఇదే కుక్క బొమ్మ ప్రకటన ఉందేమో అడగండి. ఉంటే కుక్క లేని బంపర్ వేయాలి. అందుకే ప్రతి కార్టూన్‌కీ పాత్రలు లేని బంపర్ ఒకటి విడిగా చేసి పెట్టుకుంటాను, రంగు, లోగో, శబ్దం అంతే.

మారనిది ఒకటుండాలి

అరువు కార్టూన్ల గీతలు మన చేతిలో లేవు కాబట్టి మన వైపు నుంచి ఏదో ఒకటి గట్టిగా పట్టుకోవాలి. నికలోడియన్ 1984లో తెచ్చిన లోగోలో నారింజ రంగు, తెల్ల అక్షరాలు మారేవి కావు, ఆ నారింజ మరక ఆకారం మాత్రం ఎలాగైనా మారేది, పడవ కావచ్చు, ఎముక కావచ్చు. అలాంటి లోగో ఏ కార్టూన్ పక్కనైనా ఇమిడిపోతుంది. శబ్దంతోనూ చేయొచ్చు. రేమండ్ స్కాట్ 1937లో చేసిన పవర్‌హౌస్ అనే బాణీని వార్నర్ కార్టూన్లలో యంత్రాలు తిరిగే సన్నివేశాలకి తెగ వాడారు. 1990ల చివర్లో కార్టూన్ నెట్‌వర్క్ ఆ బాణీనే తన ప్రోమోలకి వేసుకుంది. పాత కార్టూన్ల వాసన, ఛానల్ గుర్తు రెండూ ఒకే ముక్కలో కుదిరాయి. ఇక బూమరాంగ్ 2000 ఏప్రిల్ 1న ఛానల్‌గా మొదలైనప్పుడు, పాత క్లిపులు కాకుండా ఆ పాత్రల బొమ్మల్ని, నిజం ఆటవస్తువుల్ని కెమెరాతో తీసి ఐడెంట్లు చేశారు. ఫిల్ము గీతలు పడి మాసిపోయి ఉన్నా, ఆటవస్తువు కెమెరా ముందు మిలమిలా మెరుస్తుంది.

చిత్రం జోలికి వెళ్లొద్దు

పాతవాటి చిత్రం వెడల్పు, ఎత్తు 4:3 నిష్పత్తిలో ఉంటాయి, ఇప్పటి టీవీ ఇంకా వెడల్పు, 16:9. నింపేద్దామని పైనా కిందా కోస్తే కుందేలు చెవులు పోతాయి. పక్కల ఖాళీ వదలండి. కావాలంటే అక్కడ మన బ్లాక్‌కి పెట్టుకున్న రంగు వేయండి, కదిలే డిజైన్లు మాత్రం వద్దు, కళ్లు అటే పోతాయి. మూలన ఉండే చిన్న ఛానల్ గుర్తుని, అంటే బగ్‌ని, ఆ ఖాళీలోకి జరిపితే బొమ్మ మీద ఏమీ ఉండదు. టైటిల్ కార్డులు, గీసినవాళ్ల పేర్లు అలాగే ఉంచండి. సెకనుకి 24 ఫ్రేముల సినిమాని 25కి పరిగెత్తిస్తే గొంతు, పాట 4 శాతం దాకా సన్నబడతాయి, ప్రోమోకి వేరే చోటి నుంచి ఆడియో తెచ్చి అతికించారంటే శృతి తేడా వినబడుతుంది.

పేరుని మన భాషలోకి తెచ్చేటప్పుడు అసలు టైటిల్ ఆకారంలోనే అక్షరాలు గీయించండి. తెలుగులో ఒత్తులు కిందకి దిగుతాయని ముందే చెప్పకపోతే, ఇంగ్లీషు అక్షరాల కొలతతో గీసి తెచ్చి ఒత్తు తోక కోసేస్తారు. అదే కార్టూన్ ఇంతకుముందు ఇంకెవరో డబ్ చేసుంటే అది తప్పకుండా వినండి. పిల్లలకి ఆ పేరే అలవాటై ఉంటుంది. మేం ఒక ఎలుకకి కొత్త పేరు పెట్టి రికార్డింగ్ వినిపిస్తే, గదిలో ఉన్న పిల్లలందరూ పాత పేరు పెట్టి మమ్మల్ని దిద్దారు. డబ్బింగ్ మళ్లీ చేయించాం.

"కొత్త" అనే మాట

ఈ పనిలో చేరిన మూడో ఏట ఒక పాత కార్టూన్ ప్రోమోలో "సరికొత్త అల్లరి" అని రాశాను. ఒక పిల్ల నుంచి ఉత్తరం వచ్చింది. "ఇది సరికొత్త కాదు. పోయిన సంవత్సరం చూశాను. మూడో కథలో టోపీ కాలవలో పడుతుంది." చూశాను, నిజంగానే పడుతుంది. ఆ ఉత్తరం ఇప్పటికీ నా టేబుల్ అద్దం కింద ఉంది.

మా ఛానల్లో మొదటిసారి అయితే "మా ఛానల్లో మొదటిసారి" అనండి. కొత్త ఎపిసోడ్లు వచ్చి ఉంటేనే "కొత్త ఎపిసోడ్లు" అనండి. ఏదీ కాకపోతే "మళ్లీ" అనడానికి సిగ్గుపడొద్దు. చిన్నపిల్లలు చూసిందే చూడటాన్ని తక్కువగా అనుకోరు. 1996లో నికలోడియన్‌లో, చూసే పిల్లల్ని ప్రశ్నలడిగే బ్లూస్ క్లూస్ మొదలైనప్పుడు ఒకే ఎపిసోడ్‌ని సోమవారం నుంచి శుక్రవారం దాకా ఐదు రోజులూ వేశారు. జవాబు ముందే తెలిసిన పిల్లలు ఇంకా గట్టిగా అరిచి చెప్తారు. రీరన్ ప్రోమోలో నేను వాడేది అదే: టోపీ జారి గాల్లో ఉండగా షాట్ ఆపేస్తాను, గొంతు "తర్వాత ఏమవుతుందో మీకు తెలుసు కదా" అంటుంది. కొత్త కార్టూన్‌కి ఈ సౌకర్యం ఉండదు.

దించేసే రోజు

ప్రోమో ఫైలు పేరులోనే లైసెన్స్ గడువు తేదీ రాయండి. ఎపిసోడ్లు గడువు రోజున సిస్టమ్ తనే ఆపేస్తుంది, కానీ ఐడెంట్లు, "తర్వాత" బోర్డులు, పండగ స్పెషల్ ప్రోమోలు ఎవరికీ గుర్తుండవు, అర్ధరాత్రి ఖాళీలో ఎక్కడో ఆడుతూ ఉంటాయి. ఏది ఎక్కడ వాడామో ఒక పట్టిక ఉంచుకోండి. ఆఖరి రోజున వీడ్కోలు ప్రోమో వేయాలనిపిస్తుంది, వేయొద్దు, లైసెన్స్ పొడిగిస్తే మళ్లీ మొహం ఎలా చూపిస్తారు.

ఆ పడవ ఐడెంట్ ఇప్పటికీ సెలవుల్లో వస్తుంది. దాని ఫైలు పేరులో మూడు తేదీలుండేవి. ఎలుకది మార్చి 31తో అయిపోయింది, ఆ సాయంత్రం నేనే కూర్చుని దాన్ని చెరిపేశాను. ఇప్పుడు బాతు, ఎలుగుబంటి మిగిలాయి. ఇద్దరూ ఎడమవైపే కూర్చున్నారు.